స్టాక్ పాయింటర్‌ని కెర్నల్ ఎక్కడ దాచుకుంటుంది? ఎక్స్86, ఆర్మ్, రిస్క్-ఫైవ్‌లలో

హనుమకొండ_బోర్డు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నర్సంపేట వైపు మా మామయ్య వాళ్ల మిర్చి చేనులో బోరు మోటారుకు ఒక స్టార్టర్ బోర్డు సొంతంగా చేసి పెట్టాను. కార్టెక్స్ ఎం4 చిప్, దాని మీద ఫ్రీఆర్‌టాస్ (టాస్కుల మధ్య ప్రాసెసర్‌ని పంచే చిన్న కెర్నల్), ఒక జీఎస్ఎం మాడ్యూల్, రెండు రిలేలు. త్రీ ఫేజ్ కరెంటు రాగానే మూడు ఫేజుల ఓల్టేజీ చూసుకుని, బాగుంటే మోటారు వేసి, ఆ ఓల్టేజీలు రాసి మామయ్యకు ఎస్ఎంఎస్ పంపాలి. అంతే దాని పని.

ఇంట్లో టేబుల్ మీద నెల రోజులు చక్కగా ఆడింది. చేనులో పెట్టాక, కరెంటు పోయి వచ్చిన మూడుసార్లలో ఒకసారి ఆగిపోయేది. ఎర్ర ఎల్ఈడీ మాత్రం టకటకా కొట్టుకునేది. హార్డ్‌ఫాల్ట్ (ప్రాసెసర్ ముందుకు వెళ్లలేని తప్పు) వస్తే అలా కొట్టుకోవాలని నేనే పెట్టుకున్నాను. రెండు వారాలు దాన్ని రిలే కాయిల్ నాయిస్ అనుకున్నాను. కెపాసిటర్లు మార్చాను, స్నబ్బర్లు పెట్టాను, ఎర్తింగ్ మళ్లీ వేశాను. ఏం లాభం లేదు. చివరికి ల్యాప్‌టాప్, డీబగ్గర్ పట్టుకుని చేనుకే వెళ్లి, వేపచెట్టు కింద కూర్చుని కరెంటు కోసం ఎదురుచూసి పట్టుకున్నాను.

రిలే టాస్క్ కంట్రోల్ బ్లాకులో (ఆ టాస్క్ వివరాలు కెర్నల్ రాసుకునే చోటు) మొట్టమొదటి వర్డ్ ఆ టాస్క్ స్టాక్ పాయింటర్, అంటే టాస్క్ తన తాత్కాలిక విలువలు పెట్టుకునే స్టాక్‌లో ఎక్కడిదాకా వచ్చిందో చూపే అడ్రస్. అక్కడ 2000తో మొదలయ్యే ర్యామ్ అడ్రస్ ఉండాలి. ఏదో చెత్త ఉంది. రిలే టాస్క్ మొత్తం పది లైన్లు, దాని తప్పేమీ లేదు. తప్పు దాని తర్వాత క్రియేట్ చేసిన ఎస్ఎంఎస్ టాస్కుది. దానికి 256 వర్డ్‌ల స్టాక్ ఇచ్చి, లోపల 160 బైట్ల బఫర్ పెట్టి, దశాంశాలతో ఎస్‌ప్రింట్ఎఫ్ (సంఖ్యలను అక్షరాలుగా రాసే ఫంక్షన్) పిలిచాను. స్టాక్ కిందికి పెరిగి పెరిగి, హీప్‌లో దాని కిందే ఉన్న రిలే టాస్క్ బ్లాకు మీద పడింది. ఇంట్లో సింగిల్ ఫేజే కాబట్టి ఓల్టేజీల ఎస్ఎంఎస్ రాసే కోడ్ అక్కడ ఒక్కసారి కూడా నడవలేదు.

స్టాక్ 512 చేశాను, ఇప్పుడు ఆడుతోంది. కానీ నా మనసులో సందేహం ఉండిపోయింది. కాలేజీలో ఎక్స్86 మీద చదివినప్పుడు స్టాక్ పాయింటర్ టీఎస్ఎస్‌లో (ప్రాసెసర్ చూసుకునే ఒక మెమరీ పట్టిక) ఉంటుందన్నారు. ఈ బోర్డులో చూస్తే ఎంఎస్పీ (మెయిన్ స్టాక్ పాయింటర్), పీఎస్పీ (ప్రాసెస్ స్టాక్ పాయింటర్) అని రెండున్నాయి. కొత్తగా ఒక రిస్క్-ఫైవ్ బోర్డు కొన్నాను. దాని మాన్యువల్లో ట్రాప్‌ల (ఇంటరప్ట్, ఫాల్ట్, సిస్టమ్ కాల్ లాంటివి వచ్చి కెర్నల్‌లోకి దూకడం) అధ్యాయం మొత్తం చదివినా స్టాక్ అన్న మాటే కనిపించలేదు. మరి ఎవరి స్టాక్ ఎక్కడుందో కెర్నల్‌కి ఎలా తెలుస్తుంది? ఒక్కో చిప్‌లో ఒక్కో కథా, లేక అన్నిటి వెనకా ఒకటే ఉందా?

కాజీపేట_ఫర్మ్‌వేర్ | శనివారం, రాత్రి 10:15

తమ్ముడూ, ముందు నీ బోర్డు దగ్గరే కాసేపు ఆగుదాం. నీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

మూడుసార్లలో ఒకసారే ఎందుకు పడిపోయింది? కార్టెక్స్ ఎం లో ఇంటరప్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ తనంతట తానే ఎనిమిది రిజిస్టర్లను స్టాక్ మీద పెడుతుంది: ఆర్0 నుంచి ఆర్3, ఆర్12, లింక్ రిజిస్టర్, పీసీ (ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరుందో చెప్పేది), ఎక్స్‌పీఎస్ఆర్ (ప్రాసెసర్ స్థితి). ఎవరి స్టాక్ మీద? అప్పుడు నడుస్తున్న టాస్క్ స్టాక్ మీద, అంటే పీఎస్పీ చూపిస్తున్న చోట. నువ్వు దశాంశాలు వాడావు కాబట్టి ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లకు కూడా చోటు తీస్తుంది, అది ఎనిమిది కాదు, 26 వర్డ్‌లు అవుతుంది. ఆ పైన టాస్క్ మారాల్సి వస్తే ఫ్రీఆర్‌టాస్ మిగతా రిజిస్టర్లు ఇంకో 25 వర్డ్‌లు అక్కడే పెడుతుంది. మొత్తం 51. ఎస్‌ప్రింట్ఎఫ్ బాగా లోతుకు దిగిన సమయంలోనే టాస్క్ మారితే, ఆ 51 వర్డ్‌లు నీ టాస్క్ గోడ దాటిపోతాయి. వేరే సమయంలో మారితే ఏమీ కాదు. అందుకే మూడింట ఒకసారి.

ఎల్ఈడీ ఎందుకు కొట్టుకుంది? ఇదే నాకు నీ పోస్టులో అన్నిటికన్నా నచ్చిన విషయం. టాస్క్ స్టాక్ పాయింటర్ పూర్తిగా చెడిపోయింది కదా, మరి హార్డ్‌ఫాల్ట్ హ్యాండ్లర్ ఏ స్టాక్ మీద నడిచింది? ఎంఎస్పీ మీద. కార్టెక్స్ ఎం లో హ్యాండ్లర్ ఏదైనా సరే ఎంఎస్పీ మీదే నడుస్తుంది. ఆ ఎంఎస్పీకి మొదటి విలువ వెక్టర్ టేబుల్ (హ్యాండ్లర్ల అడ్రస్‌ల జాబితా) మొదటి వర్డ్ నుంచి వస్తుంది, రీసెట్ అవ్వగానే ప్రాసెసరే తీసుకుంటుంది. టాస్కులు ఎంత గందరగోళం చేసినా కెర్నల్ తన కాళ్ల మీద తాను నిలబడే చోటు అది. నీ బోర్డు చచ్చిపోతూ కూడా నీకు చెప్పగలిగిందంటే ఆ రెండో పాయింటర్ వల్లే.

తిరిగి వెళ్లేటప్పుడు ఏ స్టాక్ నుంచి తీసుకోవాలో లింక్ రిజిస్టర్‌లో ఉండే ప్రత్యేక విలువ చెబుతుంది. ఫ్లోటింగ్ పాయింట్ లేనప్పుడు అందులో అన్నీ ఎఫ్‌లే, చివరి అంకె మాత్రం హెక్స్‌లో డి అయితే పీఎస్పీ, 9 అయితే ఎంఎస్పీ, 1 అయితే ఇంకో హ్యాండ్లర్‌లోకి. డీబగ్గర్‌లో హ్యాండ్లర్ మొదటి లైన్ దగ్గర ఆపి ఆ ఒక్క అంకె చూస్తే తప్పు ఎటువైపు ఉందో సగం తెలిసిపోతుంది.

ఇంకొకటి. ఫ్రీఆర్‌టాస్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో చెకింగ్ ఆన్ చెయ్యి. మొదటి పద్ధతి టాస్క్ మారే క్షణంలో పాయింటర్ హద్దులోనే ఉందా అని మాత్రమే చూస్తుంది. రెండోది స్టాక్ చివరి 16 బైట్లలో తాను ముందే నింపిన ఏ5లు చెక్కుచెదరకుండా ఉన్నాయా అని కూడా చూస్తుంది. అదీ వంద శాతం కాదు. పెద్ద లోకల్ బఫర్ ఆ 16 బైట్లను ముట్టకుండా పైనుంచి దూకేసి కింద రాయగలదు.

మంచిర్యాల_మదర్‌బోర్డ్ | శనివారం, రాత్రి 10:50

మంచి చర్చ. ఎక్స్86 గురించి నాకు తెలిసింది: ప్రతి ప్రాసెస్‌కి ఒక టీఎస్ఎస్ ఉంటుంది, అందులో స్టాక్ పాయింటర్ సహా రిజిస్టర్లన్నీ ఉంటాయి, ప్రాసెసరే ఒకదాని నుంచి ఇంకోదానికి మారుస్తుంది. కాబట్టి ఎక్స్86లో కెర్నల్‌కి పెద్ద పనేమీ ఉండదు అనుకుంటా.

ఓరుగల్లు_కెర్నల్ | ఆదివారం, ఉదయం 7:20

మంచిర్యాల తమ్ముడు చెప్పింది 386 పుస్తకాల్లో ఉన్న పద్ధతి. ఇంటెల్ వాళ్లు అలా వాడతారనే పెట్టారు. లైనక్స్ కూడా మొదట్లో అలాగే చేసేది. 2.4 నుంచి ప్రాసెస్‌కి ఒకటి కాకుండా సీపీయూకి ఒక్క టీఎస్ఎసే ఉంచి, మార్పిడి పని కెర్నలే చేసుకుంటోంది. 64 బిట్ మోడ్‌లో అయితే హార్డ్‌వేర్ టాస్క్ మార్పిడి అసలు లేనే లేదు. టీఎస్ఎస్ మాత్రం ఉండిపోయింది, వేరే పని కోసం.

ఆ పని ఇది. యూజర్ ప్రోగ్రామ్ నడుస్తుండగా టైమర్ ఇంటరప్ట్ వచ్చిందనుకోండి. ప్రాసెసర్ టీఎస్ఎస్‌లో ఆర్ఎస్పీ0 అనే గడిలో ఉన్న అడ్రస్ తీసుకుని, స్టాక్‌ని అక్కడికి మార్చి, దాని మీద ఐదు విషయాలు పెడుతుంది: పాత ఎస్ఎస్ (స్టాక్ సెగ్మెంట్), పాత ఆర్ఎస్పీ (స్టాక్ పాయింటర్), ఫ్లాగ్స్, సీఎస్ (కోడ్ సెగ్మెంట్), ఆర్ఐపీ (ఎక్స్86లో పీసీ). యూజర్ స్టాక్ పాయింటర్ అలా కెర్నల్ స్టాక్ మీద ఒక విలువగా భద్రంగా కూర్చుంటుంది. యూజర్ తన ఆర్ఎస్పీలో ఏ చెత్త పెట్టుకున్నా కెర్నల్‌కి ఇబ్బంది లేదు, ఎందుకంటే దాని మీద ఒక్క బైట్ కూడా రాయదు.

సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ తనే కెర్నల్‌ని పిలవడం) దారి వేరు. సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ ఆర్ఎస్పీని ముట్టుకోదు. వేగం కోసం అలా చేశారు. కెర్నల్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ నడిచేటప్పటికి ప్రాసెసర్ అధికారం కెర్నల్‌ది, స్టాక్ మాత్రం ఇంకా యూజర్‌ది. అప్పుడు స్వాప్‌జీఎస్ చేసి ఈ సీపీయూకి చెందిన డేటా ఎక్కడుందో తెలుసుకుని, యూజర్ ఆర్ఎస్పీని అక్కడ ఒక గడిలో పెట్టి, కెర్నల్ స్టాక్ పై అడ్రస్‌ని అక్కడి నుంచి తెచ్చుకోవాలి. నాలుగైదు ఇన్‌స్ట్రక్షన్ల పని. మామూలు ఇంటరప్ట్‌లను ఆ కాసేపు ఆపి ఉంచుతారు. ఎన్ఎంఐని (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్) ఆపలేం కదా. అది సరిగ్గా ఆ సందులో వస్తే, ప్రాసెసర్ మనం ఇప్పటికే కెర్నల్‌లో ఉన్నాం అనుకుని స్టాక్ మార్చదు, యూజర్ ఇచ్చిన అడ్రస్ మీదే రాసేస్తుంది. అందుకే టీఎస్ఎస్‌లో ఐఎస్‌టీ అని ఇంకో ఏడు స్టాక్ అడ్రస్‌లు పెట్టారు. ఎన్ఎంఐ, డబుల్ ఫాల్ట్ (ఒక ఫాల్ట్‌ని అందుకోబోతుండగా వచ్చే ఇంకో ఫాల్ట్) లాంటివి ఎక్కడి నుంచి వచ్చినా ఆలోచించకుండా నేరుగా తమ సొంత స్టాక్ మీదికి వెళ్తాయి.

నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నేను చూసినంతలో స్టాక్ పాయింటర్ తప్పులు నిలకడగా నడుస్తున్నప్పుడు దాదాపు ఉండవు. అధికారం మారిపోయి స్టాక్ ఇంకా మారని ఆ నాలుగు ఇన్‌స్ట్రక్షన్లలోనే ఉంటాయి. హనుమకొండ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు కూడా అదే. ఏ చిప్ తీసుకున్నా అడగాల్సింది ఒకటే: గీత దాటే క్షణంలో, అంటే యూజర్ నుంచి కెర్నల్‌లోకి మారేటప్పుడు, ఎస్పీ (స్టాక్ పాయింటర్) ఎవరిది, రెండోవాళ్లది అప్పుడు ఎక్కడుంది?

హనుమకొండ_బోర్డు | ఆదివారం, ఉదయం 8:05

సార్, చాలా థాంక్స్. ఆ చివరి వాక్యం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మరి రిస్క్-ఫైవ్‌లో టీఎస్ఎస్ లేదు, పీఎస్పీ లేదు. ఎస్పీ అంటే ఎక్స్2 అనే మామూలు రిజిస్టర్. ట్రాప్ వచ్చినప్పుడు అన్ని రిజిస్టర్లలో యూజర్ విలువలే ఉంటే, కెర్నల్ తన స్టాక్ అడ్రస్‌ని దేంట్లోకి తెచ్చుకుంటుంది? ఒక్క రిజిస్టర్ కూడా ఖాళీ లేదు కదా.

జగిత్యాల_రిస్క్‌ఫైవ్ | ఆదివారం, ఉదయం 9:30

అన్నా, దీనికి నేను చెప్పొచ్చా? నేను బీటెక్ మూడో సంవత్సరం, ఎంఐటీ వాళ్ల ఎక్స్‌వీ6 కెర్నల్ చదువుతున్నాను.

ఎస్‌స్క్రాచ్ అని ఒక రిజిస్టర్ ఉంది. దాని పని అచ్చంగా మీరడిగిందే: ఏమీ ఖాళీ లేనప్పుడు ఒక్కటి ఖాళీ చేసి ఇవ్వడం. ట్రాప్ వస్తే హార్డ్‌వేర్ పీసీని ఎస్ఈపీసీలో పెడుతుంది, కారణాన్ని ఎస్‌కాజ్‌లో పెడుతుంది, ఎస్‌టీవెక్‌లో ఉన్న అడ్రస్‌కి దూకుతుంది. స్టాక్ సంగతి దానికి పట్టదు. ఎక్స్‌వీ6లో మొదటి ఇన్‌స్ట్రక్షన్ ఏ0 అనే మామూలు రిజిస్టర్‌ని ఎస్‌స్క్రాచ్‌లో పడేస్తుంది. ఇప్పుడు ఏ0 ఖాళీ. అందులో ట్రాప్‌ఫ్రేమ్ (యూజర్ రిజిస్టర్లు దాచే పేజీ) అడ్రస్ వేసుకుంటుంది. అది ప్రతి ప్రాసెస్‌లోనూ ఒకే వర్చువల్ అడ్రస్ దగ్గర ఉంటుంది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. యూజర్ ఎస్పీతో సహా అన్నీ అక్కడ దాచి, అదే పేజీ మొదట్లో ముందే రాసి ఉంచిన కెర్నల్ ఎస్పీని తెచ్చుకుంటుంది.

లైనక్స్ ఇంకోలా చేస్తుంది. యూజర్ ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు ఎస్‌స్క్రాచ్‌లో ఆ టాస్క్ స్ట్రక్చర్ అడ్రస్ ఉంచుతుంది, కెర్నల్ నడుస్తున్నప్పుడు సున్నా ఉంచుతుంది. ట్రాప్ రాగానే టీపీ (థ్రెడ్ పాయింటర్) అనే రిజిస్టర్‌నీ ఎస్‌స్క్రాచ్‌నీ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో అటూ ఇటూ మార్చేస్తుంది. టీపీలోకి సున్నా వస్తే ట్రాప్ కెర్నల్‌లోంచే వచ్చిందని అర్థం, ఎస్పీ ఇప్పటికే మనదే. సున్నా కాకపోతే యూజర్ నుంచి వచ్చింది, స్టాక్ మార్చాలి. ఒకే మార్పిడితో రిజిస్టరూ దొరికింది, ఎక్కడి నుంచి వచ్చామో కూడా తెలిసింది. ఇది మొదటిసారి అర్థమైనప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

కాజీపేట_ఫర్మ్‌వేర్ | ఆదివారం, ఉదయం 9:52

బాగా చెప్పావు తమ్ముడూ. హనుమకొండ తమ్ముడు కొన్న బోర్డు చిన్న మైక్రోకంట్రోలర్ అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఫ్రీఆర్‌టాస్ రిస్క్-ఫైవ్ పోర్టులో ఇంటరప్ట్ రాగానే రిజిస్టర్లన్నీ ముందు ఆ టాస్క్ స్టాక్ మీదే పెడతారు, ఎస్పీని కంట్రోల్ బ్లాకులో రాస్తారు, ఆ తర్వాతే ఇంటరప్ట్‌ల కోసం వేరుగా ఉంచిన స్టాక్‌కి మారతారు. అంటే టాస్క్ స్టాక్ పాయింటర్ చెడిపోయి ఉంటే మొదటి అడుగే తప్పిపోతుంది. ఎర్ర ఎల్ఈడీ కొట్టుకుంటుందన్న నమ్మకం అక్కడ లేదు. మెషీన్ మోడ్‌లో ఎంస్క్రాచ్ (ఎస్‌స్క్రాచ్ లాంటిదే) వాడి నువ్వే ఫాల్ట్ దారి వేరుగా రాసుకుంటే తప్ప.

గోదావరిఖని_పంతులమ్మ | ఆదివారం, ఉదయం 11:10

నేను ఇంజినీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెబుతాను. పిల్లలు గీత దాటడం వరకు బాగానే అర్థం చేసుకుంటారు. తడబడేది ఇంకోచోట: రెండు కెర్నల్ స్టాక్‌ల మధ్య మార్పిడి. ఏటా బోర్డు మీద అదే వేస్తాను, ఏటా అదే ప్రశ్న వస్తుంది. "మేడం, స్విచ్ అనే ఫంక్షన్‌ని ఎ పిలిచాడు, కానీ బి లోకి తిరిగొచ్చింది. ఎలా?"

జగిత్యాల తమ్ముడు చెప్పిన ఎక్స్‌వీ6లో ఆ ఫంక్షన్ 14 రిజిస్టర్లను దాస్తుంది: ఆర్ఏ (రిటర్న్ అడ్రస్), ఎస్పీ, ఎస్0 నుంచి ఎస్11. పీసీ ఆ జాబితాలో లేదు! పిల్లలు వెతుకుతారు. అక్కర్లేదు, ఎందుకంటే ఎక్కడికి తిరిగి వెళ్లాలో ఆర్ఏలో ఉంది. లైనక్స్ ఎక్స్86లో అయితే ఆరు రిజిస్టర్లు స్టాక్ మీద పెట్టి, ఆర్ఎస్పీని పాత టాస్క్ స్ట్రక్చర్‌లో రాసి, కొత్త టాస్క్ స్ట్రక్చర్ నుంచి ఆర్ఎస్పీని తెచ్చుకుంటుంది. ఆ రెండో ఇన్‌స్ట్రక్షన్‌కి ముందు నడుస్తున్నది ఎ, తర్వాత నడుస్తున్నది బి. రిటర్న్ అడ్రస్ స్టాక్ మీదే ఉంటుంది కదా, స్టాక్ మారితే తిరిగి వెళ్లే ఊరూ మారిపోతుంది. నేను క్లాసులో ఇద్దరిని నిలబెట్టి, చేతిలో నోట్‌బుక్‌లు మార్పించి చూపిస్తాను. పేజీలో ఎక్కడ వేలు పెట్టి ఉందో అక్కడి నుంచే చదవాలి.

తర్వాత వచ్చే ప్రశ్న ఇంకా మంచిది. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నడవని కొత్త టాస్క్‌కి మారితే? దానికి దాచిపెట్టిన స్టాక్ ఉండదు కదా. అందుకని కెర్నల్ ఒకటి కల్పించి పెడుతుంది, ఇంతకుముందు ఎప్పుడో ఆగిపోయిన టాస్కే అన్నట్టుగా. కార్టెక్స్ ఎం లో అలా కల్పించే ఫ్రేమ్‌లో ఎక్స్‌పీఎస్ఆర్ విలువలో 24వ బిట్ తప్పనిసరిగా 1 ఉండాలి, అది థంబ్ బిట్. మా పాప ఒకరు ల్యాబ్‌లో సొంతంగా షెడ్యూలర్ రాస్తూ అక్కడ సున్నా పెట్టింది. మొదటి టాస్క్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఫాల్ట్. మూడు రోజులు షెడ్యూలర్‌లో వెతికి, కనుక్కున్న రోజు స్టాఫ్ రూమ్‌కి పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. ఆ మొహం నాకు ఇంకా గుర్తుంది.

మంచిర్యాల_మదర్‌బోర్డ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

నా పాత అవగాహన సరిచేసినందుకు ఓరుగల్లు అన్నకు ధన్యవాదాలు. ఫోన్లలో ఉండే 64 బిట్ ఆర్మ్ సంగతి కూడా చెప్పండి. అందులో కూడా కార్టెక్స్ ఎం లాగా రెండేనా?

ఓరుగల్లు_కెర్నల్ | ఆదివారం, మధ్యాహ్నం 3:45

అక్కడ స్థాయికొకటి. ఎస్పీ_ఈఎల్0 యూజర్‌ది, ఎస్పీ_ఈఎల్1 కెర్నల్‌ది, ఈఎల్2 హైపర్‌వైజర్‌ది, ఈఎల్3 సెక్యూర్ ఫర్మ్‌వేర్‌ది. యూజర్ నుంచి కెర్నల్‌లోకి రాగానే ఎస్పీ అన్న పేరు దానంతటదే ఎస్పీ_ఈఎల్1కి మారుతుంది. యూజర్ విలువ తన గడిలోనే ఉంటుంది. నేను పైన చెప్పిన నాలుగు ఇన్‌స్ట్రక్షన్ల సందు ఇక్కడ లేదు. హార్డ్‌వేర్ మెమరీలో ఏమీ రాయదు కూడా. పీసీని ఈఎల్ఆర్‌లో, స్థితిని ఎస్‌పీఎస్ఆర్‌లో పెట్టి ఊరుకుంటుంది. మిగతాది కెర్నల్ ఇష్టం. నా దృష్టిలో ఈ మూడింటిలో ఇదే శుభ్రమైన పద్ధతి.

లైనక్స్ దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. కెర్నల్‌లోకి వచ్చాక యూజర్ ఎస్పీని స్టాక్ మీద దాచేస్తే ఎస్పీ_ఈఎల్0 ఖాళీగా పడి ఉంటుంది కదా. 4.5 వెర్షన్ నుంచి ఆ రిజిస్టర్‌లో ఇప్పుడు నడుస్తున్న టాస్క్ థ్రెడ్ఇన్ఫో (టాస్క్ గురించిన చిన్న స్ట్రక్చర్) అడ్రస్, 4.10 నుంచి టాస్క్ స్ట్రక్చర్ అడ్రస్ పెట్టుకుంటున్నారు. అంతకుముందు "ఇప్పుడు ఎవరు నడుస్తున్నారు" అని తెలుసుకోవడానికి ఎస్పీ కింది బిట్లు కొట్టేసి, స్టాక్ అడుగున ఉన్న థ్రెడ్ఇన్ఫో దగ్గరికి వెళ్లేవాళ్లు. 32 బిట్ ఎక్స్86లోనూ అదే ఉపాయం. 8 కేబీ స్టాక్, 8 కేబీ హద్దు మీదే మొదలు, కాబట్టి కింది 13 బిట్లు సున్నా చేస్తే అడుగుకు చేరతాం. అందంగా ఉండేది. కానీ స్టాక్ పొంగితే ముందు చెడిపోయేది ఆ థ్రెడ్ఇన్ఫోనే. 4.9లో ఎక్స్86లో దాన్ని టాస్క్ స్ట్రక్చర్‌లోకి మార్చారు. అదే వెర్షన్‌లో స్టాక్‌లను వర్చువల్ మెమరీలో పెట్టి, కింద మ్యాప్ చేయని గార్డ్ పేజీ ఉంచడం కూడా మొదలైంది.

హనుమకొండ తమ్ముడి బోర్డులో ఏం జరిగిందో అదే పెద్ద కెర్నల్‌లో జరిగితే ఏమవుతుందో చూడండి. ఎక్స్86లో స్టాక్ గార్డ్ పేజీని తాకితే పేజ్ ఫాల్ట్. ఆ ఫాల్ట్ వివరాలు పెట్టడానికి మళ్లీ అదే చెడిన స్టాక్, కాబట్టి డబుల్ ఫాల్ట్, అది ఐఎస్‌టీ స్టాక్ మీద నడిచి అసలు సంగతి చెబుతుంది. 64 బిట్ ఆర్మ్‌లో ఐఎస్‌టీ లాంటిది లేదు. కెర్నల్‌లో ఉండగా ఫాల్ట్ వస్తే అదే ఎస్పీ_ఈఎల్1. అందుకని 4.14లో ఒక చక్కని పని చేశారు. స్టాక్ 16 కేబీ అయితే దాన్ని 32 కేబీ హద్దు మీద ఉంచుతారు. అప్పుడు సరైన స్టాక్ అడ్రస్ ఏదైనా 14వ బిట్ సున్నాయే. కిందికి జారితే ఆ బిట్ 1 అవుతుంది. ప్రతి ఎంట్రీలోనూ ఆ ఒక్క బిట్ చూస్తారు. 1 ఉంటే సీపీయూకి ఒకటిగా ఉంచిన 4 కేబీ అత్యవసర స్టాక్‌కి మారి ప్యానిక్ మెసేజ్ రాస్తారు. అది చూడటానికి ఖాళీ రిజిస్టర్ ఉండదు కాబట్టి, ఎస్పీనీ ఎక్స్0నీ కూడి, తీసివేసి, ఒకదాని విలువ ఇంకోదాంట్లోకి తెచ్చి, చూశాక మళ్లీ యథాస్థానంలో పెడతారు. ఆ ఎంట్రీ కోడ్ ఒకసారి తెరిచి, కాగితం మీద కూడికలు వేసుకుంటూ చదవండి.

హనుమకొండ_పాతతరం | ఆదివారం, సాయంత్రం 6:10

పిల్లలు ఇంత శ్రద్ధగా మాట్లాడుకుంటుంటే సంతోషంగా ఉంది. నేను రిటైర్ అయ్యాను. మొదట్లో మోటరోలా 68000 బోర్డుల మీద పనిచేశాను. అందులో ఏ7 అని పిలిస్తే యూజర్ మోడ్‌లో ఒక రిజిస్టర్, సూపర్‌వైజర్ మోడ్‌లో ఇంకో రిజిస్టర్. పేరు ఒకటే, మనుషులు ఇద్దరు. ఇప్పుడు మీరు ఆర్మ్ గురించి చెప్పుకుంటున్నది నాకు పాత చుట్టాన్ని చూసినట్టుంది. వ్యాక్స్‌లో అయితే ఐదు ఉండేవి: కెర్నల్, ఎగ్జిక్యూటివ్, సూపర్‌వైజర్, యూజర్, ఇవి కాక ఇంటరప్ట్‌లకు ఒకటి. పాత 32 బిట్ ఆర్మ్‌లో ఐఆర్‌క్యూ, అబార్ట్, అన్‌డిఫైన్డ్ ఇలా మోడ్‌కొక ఎస్పీ ఉన్నా, లైనక్స్ వాటికి మూడు నాలుగు వర్డ్‌ల చోటు మాత్రమే ఇచ్చి, వెంటనే ఎస్‌వీసీ మోడ్‌కి వెళ్లిపోయేది. హార్డ్‌వేర్ వాళ్లు ఇచ్చినవన్నీ కెర్నల్ వాళ్లు వాడుకోవాలని లేదు.

ఇంకో మాట. స్టాక్ అన్నిచోట్లా కిందికే పెరుగుతుందని రాసుకోకండి. హెచ్‌పీ పీఏ-రిస్క్‌లో పైకి పెరుగుతుంది. 64 బిట్ స్పార్క్‌లో ఎస్పీ చూపే అడ్రస్‌కీ అసలు స్టాక్‌కీ 2047 బైట్ల తేడా ఉంటుంది. ఆ బేసి సంఖ్య చూసే 64 బిట్ ఫ్రేమో, 32 బిట్ ఫ్రేమో గుర్తుపట్టేవాళ్లం.

కాజీపేట_ఫర్మ్‌వేర్ | ఆదివారం, సాయంత్రం 6:40

సార్, నమస్కారం. 68000 సంగతులు వేరే చర్చగా పెడితే మేమంతా చదువుతాం.

గోదావరిఖని_పంతులమ్మ | ఆదివారం, రాత్రి 8:15

లైనక్స్ ఉన్నవాళ్లు ఇంట్లో ఇప్పుడే చూడగలిగేది ఒకటి చెబుతాను. ప్రాక్ ఫోల్డర్‌లో, సెల్ఫ్ లోపల, సిస్‌కాల్ అనే ఫైల్ ఉంటుంది. దాన్ని క్యాట్‌తో చదవండి. మొదటి సంఖ్య సిస్టమ్ కాల్ నంబర్, ఎక్స్86-64లో 0, అంటే రీడ్. చివరి రెండింటిలో మొదటిది యూజర్ స్టాక్ పాయింటర్, రెండోది పీసీ. క్యాట్ ఆ ఫైల్‌ని చదువుతున్న క్షణంలో దాని ఎస్పీ అది, కెర్నల్ తన స్టాక్ మీద దాచుకున్న విలువ. మళ్లీ చదివితే మారుతుంది, అడ్రస్‌లను ప్రతిసారీ చెదరగొడతారు కాబట్టి. స్టాట్ ఫైల్‌లో 29వ గడి కూడా ఎస్పీ కోసమే, కానీ కొత్త కెర్నళ్లలో భద్రత కోసం మామూలుగా సున్నా చూపిస్తారు.

యూజర్ ఎస్పీ ఎక్కడుందో కెర్నల్ పట్టించుకునే సందర్భం ఓపెన్‌బీఎస్‌డీలో ఉంది. 6.4 నుంచి ప్రోగ్రామ్ సిస్టమ్ కాల్‌తో లోపలికి వచ్చినప్పుడు దాని ఎస్పీ స్టాక్‌గా గుర్తుపెట్టిన పేజీలోనే ఉందా అని చూస్తారు, లేకపోతే ప్రోగ్రామ్‌ని చంపేస్తారు. దాడి చేసేవాళ్లు ఎస్పీని హీప్‌లోకి తిప్పుకోకుండా.

ఓరుగల్లు_కెర్నల్ | ఆదివారం, రాత్రి 9:30

మేడం చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. ఎక్స్86లో ఎస్ఎస్ మార్చే మూవ్ ఇన్‌స్ట్రక్షన్ తర్వాత ఒక్క ఇన్‌స్ట్రక్షన్ పాటు ఇంటరప్ట్‌లు రాకుండా ప్రాసెసర్ ఆపుతుంది. ఎస్ఎస్, ఎస్పీ రెండూ మార్చే లోపల సగం పాత స్టాక్, సగం కొత్త స్టాక్‌గా ఉండకూడదని ఆ ఏర్పాటు. మంచి ఉద్దేశం. 2018 మేలో బయటపడింది ఏమిటంటే, ఆ ఎస్ఎస్ మార్చడం మీదే డీబగ్ బ్రేక్‌పాయింట్ పెట్టి, వెంటనే సిస్‌కాల్ చేస్తే, ఆగి ఉన్న డీబగ్ ఎక్సెప్షన్ కెర్నల్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర పేలుతుంది. మళ్లీ అదే సందు! స్టాక్ ఇంకా యూజర్‌ది. చాలా ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకేసారి ప్యాచ్‌లు విడుదల చేయాల్సి వచ్చింది.

ఇంటెల్ ఇప్పుడు ఫ్రెడ్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. అందులో సిస్‌కాల్ కూడా ఇంటరప్ట్‌లాగే స్టాక్ మార్చుకునే లోపలికి వస్తుంది, స్టాక్‌లకు 0 నుంచి 3 వరకు నాలుగు స్థాయిలు, అడ్రస్‌లు టీఎస్ఎస్‌లో కాకుండా రిజిస్టర్లలో. లైనక్స్ 6.9లో దానికి సపోర్ట్ వచ్చింది. ఇన్నేళ్లకు ఆ సందు హార్డ్‌వేర్‌లోనే పూడుతోంది.

జగిత్యాల_రిస్క్‌ఫైవ్ | సోమవారం, తెల్లవారుజామున 1:20

ఓరుగల్లు అన్న చెప్పిన సందు కళ్లతో చూడాలనిపించి ఒక పని చేశాను. ఎక్స్‌వీ6లో ట్రాప్‌ఫ్రేమ్ నుంచి కెర్నల్ ఎస్పీని తెచ్చుకునే ఆ ఒక్క లైన్ తీసేసి, క్యూఈఎంయూలో (కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) నడిపించాను.

కెర్నల్ బూట్ అవుతున్నట్టు రాసింది. తర్వాత షెల్ మొదలవుతున్నట్టు రావాల్సిన లైన్ రాలేదు. ప్యానిక్ కూడా రాలేదు. ఊరికే నిలబడిపోయింది, ఫ్యాన్ మాత్రం గట్టిగా తిరుగుతోంది. జీడీబీ డీబగ్గర్ తగిలించి చూస్తే పీసీ ట్రాంపొలిన్ పేజీలోనే (ట్రాప్ మొదటి కోడ్ ఉండే చోటు) తిరుగుతోంది. ఎస్‌కాజ్ 15, అంటే స్టోర్ పేజ్ ఫాల్ట్.

కాగితం మీద వేసుకుంటే అర్థమైంది. ఎస్పీ యూజర్‌దే ఉండిపోయింది. పేజ్ టేబుల్ మాత్రం కెర్నల్‌ది అయింది. యూజర్‌ట్రాప్ ఫంక్షన్ మొదలవుతూనే స్టాక్ మీద రాయబోయింది, ఆ అడ్రస్ కెర్నల్ పేజ్ టేబుల్‌లో లేదు, ఫాల్ట్. ఎస్‌టీవెక్ ఇంకా పాత చోటికే చూపిస్తోంది కాబట్టి మళ్లీ మొదటికే వచ్చింది. అక్కడ ట్రాప్‌ఫ్రేమ్‌లో ఆర్ఏ దాచబోయింది, ఆ పేజీ కూడా కెర్నల్ పేజ్ టేబుల్‌లో లేదు, మళ్లీ ఫాల్ట్. అక్కడి నుంచి అదే తిరుగుడు. ఎస్‌టీవాల్ (ఫాల్ట్ వచ్చిన అడ్రస్ ఉండే రిజిస్టర్) చూశాను: ట్రాప్‌ఫ్రేమ్ పేజీ మొదలు నుంచి సరిగ్గా 40 బైట్ల దగ్గర. ఆర్ఏ దాచే చోటు అదే.

హనుమకొండ_బోర్డు | సోమవారం, ఉదయం 6:50

తమ్ముడూ, నా కొత్త బోర్డు మీద కూడా ఇదే చేసి చూస్తాను, కాజీపేట అన్న చెప్పినట్టు ఎంస్క్రాచ్‌తో ఫాల్ట్ దారి వేరు చేశాక.

పాత బోర్డు సంగతి: నిన్న చెకింగ్ రెండో పద్ధతి ఆన్ చేసి చేనులో పెట్టి వచ్చాను. రాత్రి కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది, నాలుగు ఎస్ఎంఎస్‌లు వచ్చాయి. ప్రతి ఎస్ఎంఎస్ చివర ఆ టాస్క్‌లో ఇప్పటిదాకా ముట్టని స్టాక్ ఎంత మిగిలిందో కూడా రాసేలా పెట్టాను. 512లో 230 వర్డ్‌లు. అంటే 282 వాడుకుంది. 256 ఇచ్చినప్పుడు 26 వర్డ్‌లు బయటికి పోయాయన్నమాట, 104 బైట్లు. మధ్యలో హీప్ హెడర్ 8 బైట్లు తీసేస్తే రిలే టాస్క్ కంట్రోల్ బ్లాకు మొదటి వర్డ్ దాకా చేరడానికి అది సరిపోతుంది. మామయ్య పొద్దున్నే ఫోన్ చేసి, "చివర్న ఈ 230 ఏందిరా, ఓల్టేజా?" అని అడిగాడు. చెప్పాను.